పదకొండో నంబరు క్వార్టర్లో ఒక నిమిషం

ఢిల్లీ సరోజినీ నగర్‌లో పదకొండో నంబరు క్వార్టర్‌కి మంచి పేరు లేదు.

చుట్టూ ఉన్న పాత ప్రభుత్వ క్వార్టర్లన్నీ ఖాళీ చేయించారు. కొత్త టవర్ల కోసం ఒక్కో వరుసే కూలగొడుతున్నారు. మిగతా ఇళ్ళ తలుపులు, కిటికీలు, చివరికి కుళాయిలు కూడా ఊడబెరుక్కుని పోయారు. ఆ ఒక్క ఇంటి తలుపు మాత్రం అలాగే ఉంది. పాత సామాన్లు ఏరుకునే కబాడీవాళ్ళు కూడా దాన్ని ముట్టలేదు.

చీకటి పడ్డాక ముందుగదిలోంచి చప్పుడు వస్తుందట. గీ...క్. గీ...క్. పలక మీద బలపం అరుగుతున్న చప్పుడు. తలుపు తోసి చూస్తే — ఎవరూ ఉండరు.

ఆ ఇంట్లో రాధాకృష్ణమూర్తిగారని ఒక గుమాస్తా ఒంటరిగా ఉండేవారు. ఇరవై ఏళ్ళ కిందట, చలికాలంలో, ముందుగదిలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. మూడో రోజుకి గాని ఎవరికీ తెలియలేదు.

దెయ్యాలు లేవని నేను నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను. ఎవరు చెప్పినా వినలేదు. ఈ సంగతి అనూహ్య చెబితే విన్నాను. ఆఖరి ముక్క మాత్రం నా చెవులతో నేనే విన్నాను.

అనూహ్యది కాకినాడ. సివిల్స్ చదవడానికి వచ్చి జియా సరాయ్‌లో గది తీసుకుంది. పుస్తకాలు పక్కన పెట్టి ఇరవై నిమిషాల సినిమా తీసింది. ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళు తీసిన సినిమాలకి మా సంఘం ఏటా ఒక పండగ జరిపి బహుమతులిస్తుంది. దానికి పంపింది. వాళ్ళ నాన్న ఫోన్లో తేల్చేశాడు.

"బహుమతి వస్తే ఇంకో ఏడాది ఉండు. రాకపోతే సోమవారం రైలెక్కెయ్. మళ్ళీ మాట్లాడకు."

సినిమాలో ఒక ముసలావిడ తన క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. చివర్లో తాళంచెవి పట్టుకుని ఖాళీ గదిలో నిలబడుతుంది. ఒక నిమిషం. మాట లేదు, పాట లేదు. చెయ్యి మాత్రం వణుకుతూ ఉంటుంది. అది తీసింది పదకొండో నంబరు ముందుగదిలోనే. పగలు తీశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆదివారం పండగ. శనివారం సాయంత్రం సంఘం నుంచి ఫోన్.

"చివరి నిమిషంలో చప్పుడే లేదమ్మా. మిషన్ పాడైందనుకుంటారు జనం. పొద్దున తొమ్మిదిలోగా సరిచేసి పంపు. లేకపోతే పక్కన పెట్టేస్తాం."

తప్పు నిరంజన్‌ది. అతను ఢిల్లీ శివారు ఇందిరాపురంలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో సినిమాలకి సౌండ్ రికార్డింగ్. సినిమావాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒక గదిలో పని అయిపోయాక, అందరూ బొమ్మల్లా నిలబడి, ఆ ఖాళీ గది చప్పుడుని ఒక నిమిషం రికార్డు చేస్తారు. మాటలు లేనిచోట దాన్ని పరుస్తారు. పరవకపోతే బొమ్మ చచ్చిపోయినట్టు ఉంటుంది. ఆ రోజు బుల్డోజర్ల మోత. రేపు చేద్దామనుకున్నాడు. మర్చిపోయాడు.

"నా గదిలో నిశ్శబ్దం పెట్టేస్తే పోదా అన్నా?" అంది అనూహ్య.

"నీ గదిల నిశ్శబ్దం యాడుంది? పక్కన కుక్కరు, కింద కోచింగ్ సారు. ఒక్కో గదికి ఒక్కో నిశ్శబ్దం ఉంటది అనూ. అతుకేస్తే తెలుస్తది."

రాత్రి పదకొండు దాటాక బుల్డోజర్లు ఆగాయి. ఇద్దరూ వెళ్ళారు.

గేటు దగ్గర చౌకీదారు దశరథ్. బీహార్ మనిషి, తెలుగు ముక్క రాదు. సంగతి విని, చేతికర్ర నేలకానించి గొంతు తగ్గించాడు.

"వహా మాస్టర్‌జీ రహతే హై, మేడమ్." అక్కడ మాస్టరుగారు ఉంటారట.

"ఏ మాస్టర్‌జీ?"

అతను గేటు తెరిచాడు. "ఠీక్ హై... జాయియే" అని, వెళ్ళమన్నట్టు పక్కకి జరిగాడు.

"నువ్వూ రా అన్నా లోపలికి."

"నేనొస్తే ఈయననెవరు పట్టుకోవాలె? కట్టె టకటకలాడిస్తనే ఉంటడు. గదంత రికార్డుల పడ్తది. అయినా ఇద్దరుంటే ఇద్దరి ఊపిరి. నాకసలే సర్ది."

"భయమని చెప్పొచ్చుగా!"

"భయం గూడ ఉంది. ఫోను నాకిచ్చి పో, మెసేజొస్తే పాడైతది. మిషన్ని ఒంటికి దూరంగా పట్టుకో. అరవై లెక్కపెట్టు. కదలొద్దు. నడుమల ఆగితే మళ్ళ మొదటికెళ్ళి చెయ్యాలె."

తలుపు తోసింది. కీచుమంటూ తెరుచుకుంది. లోపల తడి సున్నం వాసన. ఫోను లేదు, దీపం లేదు. మిషన్ మీద మిణుగురంత ఎర్రలైటు ఒక్కటే.

గది మధ్యలో నిలబడి మీట నొక్కింది. చెయ్యి ముందుకి చాపింది.

ఒకటి... రెండు... మూడు...

పన్నెండు దగ్గర చెయ్యి వణకడం మొదలైంది. ఎర్రలైటు చీకట్లో ఊగుతోంది. చెయ్యి కదిలితే మిషన్లో గరగర పడుతుంది. రెండో చేత్తో పట్టుకోబోయింది. చొక్కా చప్పుడవుతుందని ఆగిపోయింది.

ఇరవై ఒకటి... ఇరవై రెండు...

వెనకాల ఏదో కదిలింది.

ఎలకేమో అనుకుంది. కూలిన ఇళ్ళలో ఎలకలు ఉండవా... కానీ ఎలక ఆగి ఆగి నడవదు. ఇది ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు.

ముప్ఫై.

అరవాలనిపించింది. అరిస్తే నిరంజన్ పరిగెత్తుకొస్తాడు. కానీ అరిస్తే నిమిషం పోతుంది. మళ్ళీ ఈ గదిలోకి అడుగు పెట్టే ధైర్యం తనకి ఉండదని తెలుసు. అప్పుడు సినిమా పోతుంది. సోమవారం రైలు...

పళ్ళు బిగబట్టింది. ముప్ఫై ఆరు... ముప్ఫై ఏడు...

ఎడమ చెవి పక్కన చల్లగా తగిలింది. ఎవరో వంగి, భుజం మీదుగా చూస్తున్నట్టు... ఆమె చేతిని చూస్తున్నట్టు.

నలభై నాలుగు.

చెయ్యి వణకడం ఆగిపోయింది.

తను ఆపలేదు. దానంతటది ఆగింది. కింద నుంచి ఎవరో మణికట్టు పట్టుకుని నిలబెట్టినట్టు, కొయ్యలా నిలిచింది. ఎర్రలైటు ఊగడం మానేసింది.

యాభై... యాభై ఐదు... అరవై.

మీట నొక్కింది. వెనక్కి చూడకుండా పరిగెత్తింది. గేటు దగ్గర నిరంజన్ సర్ది ముక్కుతో దశరథ్‌కి క్రికెట్ చెబుతున్నాడు.

"అయ్యిందా?"

"అన్నా... లోపలికి ఎవరన్నా వచ్చారా?"

"మేమిద్దరం ఈడనే ఉన్నం. ఎవరొస్తరు?"

తెల్లవారుజామున ఇందిరాపురంలో నిరంజన్ ఫ్లాట్‌లో కూర్చుని విన్నారు. లోపల భార్యాబిడ్డలు నిద్రపోతున్నారని స్పీకర్లు పెట్టలేదు. ఉన్నది ఒకటే హెడ్‌ఫోన్. దాని ఎడమ చెవి పనిచెయ్యక నెలైంది. కొత్తది కొందామంటూ నెట్టుకొస్తున్నాడు. మిషన్ది రెండు చెవుల రికార్డింగ్ అని తెలిసీ, తొందరలో కుడివైపే విన్నాడు. అడుగుల చప్పుడు లేదు. గరగర లేదు.

"సూపర్ ఉంది అనూ. వట్టి గది. ఉత్తగనే భయపడ్డవ్."

ఎనిమిదిన్నరకి సంఘానికి పంపేశారు.

సాయంత్రం హాలు నిండింది. మా సంఘంలో కుర్చీలు వెయ్యడం, తెర లాగడం నా పని. తెరకి ఎడమపక్క, స్పీకర్ పెట్టె ఆనుకుని, తాడు పట్టుకుని నిలబడ్డాను. అనూహ్య సినిమా ఆఖరిది.

ముసలావిడ తాళంచెవి పట్టుకుని ఖాళీ గదిలో నిలబడింది. ఆవిడ చెయ్యి వణుకుతోంది. హాల్లో ఎవరూ దగ్గలేదు. గాలి ఆగినట్టుంది.

అప్పుడు ఎడమ పెట్టెలోంచి... నా చెవి పక్కనే... నెమ్మదిగా ఒక మగ గొంతు.

"చెయ్యి వణకనివ్వకు."

కాస్త ఆగి —

"గీత తిన్నగా వస్తుంది."

తెర మీద చీకటి పడింది. చప్పట్లు మోగాయి. మూడో వరుసలో అనూహ్య, నిరంజన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మొదటి బహుమతి ఆ సినిమాకే వచ్చింది. ఇచ్చింది సుభద్రగారు, నాటకాల్లో జుట్టు నెరిసిన మనిషి. మైకులోనే అడిగారు.

"చివర్లో ఆ గొంతు... ఎవరిచేత చెప్పించావమ్మా? భలే గొంతు. ఆయన్ని కూడా పిలు స్టేజి మీదకి."

అనూహ్య బహుమతి పట్టుకుని నిరంజన్ వైపు తిరిగింది.

ఎవరిని పిలుస్తుంది?

ఎనభై రెండులో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టే రోజుల్లో పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. వేలిముద్రగాణ్ణి. పొద్దంతా తట్ట మోసి, రాత్రి ఎనిమిదికి ఆ పదకొండో నంబరు ముందుగదికి వెళ్ళేవాణ్ణి. ఆఫీసు నుంచి వచ్చాక రాధాకృష్ణమూర్తిగారు మా పదిమందికి పలకలిచ్చి అక్షరాలు దిద్దించేవారు. బలపం పడితే నా చెయ్యి వణికేది. ఆయన వెనక నుంచి వంగి, మణికట్టు పట్టుకుని, ఎడమ చెవిలో రోజూ ఇవే రెండు ముక్కలు చెప్పేవారు.

దెయ్యాలు లేవు. ఆ మాట నేను మార్చను.

కానీ ఆ సాయంత్రం తెర తాడు పట్టుకున్న నా చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. పెట్టెలోంచి ఆ మాట రాగానే...

ఆగిపోయింది. అప్పట్లో లాగే.