ఆగమంటే ఆగని ఫోన్

మా అంబులెన్సు ఆఫీసులో యాప్ చూసుకునేది నేనే. డ్రైవర్ దారి అడిగితే, మా యాప్ వెళ్ళి మ్యాపుల కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. నిమిషానికి ఇన్నిసార్లే అడగాలని మా ఫోన్లన్నిటికీ కలిపి ఒక కోటా ఉంది. అది దాటితే సర్వర్ నుంచి ఒకటే జవాబు: "కాసేపాగి అడగండి."

ఆ సాయంత్రం ముసురు పట్టింది. గదంతా తడిసిన రెయిన్‌కోట్ల వాసన. మధ్యాహ్నం నుంచీ ఎవరికీ దారి సరిగ్గా దొరకడం లేదు.

"వెనక పేషెంటు మూలుగుతోంది, మీ యాపేమో ఆగమంటోంది!" ఒక డ్రైవర్ ఫోన్లో అరిచాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తప్పు యాప్‌దే అనుకున్నాను. జవాబు రాకపోతే చాలు, సర్వర్ మీద మళ్ళీ మళ్ళీ ఎగబడుతోంది. అందుకని ఆగమంటే ఆగేలా, మళ్ళీ కాదంటే రెట్టింపు సేపు ఆగేలా కోడ్ మార్చి అన్ని ఫోన్లకూ పంపాను. ఫోన్లన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి. కోటా మాత్రం ఎప్పటికప్పుడు అయిపోతూనే ఉంది!

ఒళ్ళు మండి, అడుగుతున్నదెవరో వెతికాను. ఒక్క ఫోన్... ఊపిరి కూడా తీసుకోకుండా ఒకే దారి అడుగుతోంది. కాలువ వంతెన నుంచి ఆసుపత్రికి.

డ్రైవర్ల పెద్దని పిలిచాను. అందరం బాబాయ్ అంటాం. నంబర్ చూడగానే కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మాయ్... ఇది మన పొడుగాయనది."

పోయినేడు వానల్లో బండితో సహా కాలువలో పడిపోయిన డ్రైవర్. వెనకున్న పేషెంటూ దక్కలేదు.

"ఆ ఫోన్ ఇప్పుడెవరి దగ్గరుంది బాబాయ్?"

"కాలువలోంచి దొరకనే లేదమ్మా..."

 అవతల రోడ్డు మీద బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఆ ఫోన్‌ని బ్లాక్ చేశాను. మరుక్షణం అందరికీ దారులు వెళ్ళాయి. హమ్మయ్య అనుకునేలోపు బాబాయ్ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

స్క్రీన్ మీద మళ్ళీ అదే ఫోన్.

ఈసారి తొందరపడలేదు. అడిగింది. ఆగింది. రెట్టింపు సేపు ఆగి... మళ్ళీ అడిగింది. నేను ఇందాక రాసినట్టే.

"బయల్దేరే చోటు చూడమ్మా..." బాబాయ్ గుసగుసలాడాడు.

వంతెన కాదు. మా ఆఫీసు గేటు.

చేరాల్సిన చోటు ఖాళీగా ఉంది. 'పేషెంటు ఎక్కారా?' అన్న గడిలో మాత్రం జవాబుంది.

'ఇంకా లేదు.'