పెళ్ళికొకటి, చావుకొకటి

తెల్లవారి వాకిట్లో సాన్పు చల్లుతూ చల్లుతూ బుచ్చమ్మ అరుగు మీదున్న కెమెరా పెట్టె మీద కూడా ఒక చెంబెడు పసుపు నీళ్ళు కుమ్మరించింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న మంగయ్య వేపపుల్ల నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చి, పైపంచెతో పెట్టెను తుడవడం మొదలుపెట్టాడు. తోలు తిత్తి తడిస్తే పగుళ్ళిస్తుందనీ, పగుళ్ళలోంచి వెలుతురు దూరితే ఫోటో పాడైపోతుందనీ తల్లికి ఎన్నిసార్లు చెప్పాడో. ఆమె చెవిన పెట్టే మనిషి కాదు. చావింటికి పోయివచ్చిన మనిషి తానం చేయకుండా గడప తొక్కడు కదా, పెట్టెకు మాత్రం వేరే న్యాయం ఎందుకని ఆమె వాదన. అందుకే చావు ఫోటో తీసిన రాత్రి ఆ కెమెరాకు అరుగే గతి.

సూర్యాపేటలో మంగయ్యది ఒంటిగది ఫోటో దుకాణం. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, మిర్యాలగూడలో ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర ఫోటోలు కడిగే పళ్ళేలు తోముతూ పని నేర్చుకున్నాడు. రజాకార్ల గడబిడలో పోయినవాళ్ళలో చాలామందికి ముఖం చూసుకుందామంటే ఒక్క ఫోటో కూడా మిగలలేదు. ఆ దిగులుతోనే కాబోలు, పోలీసు యాక్షన్ అయ్యాక జనానికి కొత్త అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే పాడె కట్టకముందే ఫోటో మంగయ్యకు కబురు పంపేవారు. అతను పోయి, పోయినవాళ్ళను గోడకు ఆనించి కూర్చోబెట్టించి, ఫోటో తీసి వచ్చేవాడు. చెడ్డ పనేమీ కాదు. ఆ ఇళ్ళవాళ్ళు అతనికి చేతులెత్తి మొక్కేవారు.

చిక్కల్లా పెళ్ళిళ్ళ కాలంలో వచ్చింది. శవాలను తీసిన కెమెరాతో పెళ్ళికూతుర్ని తీస్తాడట అని ఎవరో అన్నారు. ఫలానా ఊళ్ళో కొత్త జంట ఫోటో దిగిన వారానికే పెళ్ళికొడుకు మంచం పట్టాడని ఇంకెవరో అన్నారు. ఊరి నోటికి మూకుడు ఎవరు వేయగలరు? మంచి ముహూర్తాలున్న నెలలో మంగయ్య దుకాణం ముందు కుక్క తప్ప ఎవరూ కూర్చోలేదు.

దీనికి మందు బుచ్చమ్మే చెప్పింది. చావుకొక కెమెరా, పెళ్ళికొక కెమెరా ఉండాలి. మంగయ్యకూ అది సబబుగానే తోచింది. మిర్యాలగూడలో తనకు పని నేర్పినాయన దుకాణం కట్టేస్తున్నాడు, ఆయన కెమెరా అమ్మకానికి ఉంది. పోయి చూసి వచ్చాడు, మనసంతా దానిమీదే ఉంది. కాని కొనాలంటే ఆ ఇంట్లో అమ్మదగ్గవి గొర్రెలే ఉన్నాయి. అవి అతని భార్య సైదమ్మ అరణపు గొర్రెలు. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు ఇచ్చే గొర్రెలవి. వాటిమీదా, వాటి పిల్లలమీదా మొగుడికి కూడా హక్కు ఉండదు. పాలకీడులో సైదమ్మ తమ్ముడు ఈదయ్య మందలో ఆమె గొర్రెలు చెవి కోతతో వేరుగా తెలిసేవి. అవి ఈనాయని కబురొస్తే ఆ పూట ఆమె ముఖమే వేరుగా ఉండేది.

"నీ పనికి ఒకటి సాలకపోతే సెప్పు, రేపే అమ్ముత," అంది సైదమ్మ. "ఎవరో ఏదో అన్నరని నా గొర్లను అంగట్ల నిలబెట్టనియ్య."

బుచ్చమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. కోడలికి మొగుడి కన్న గొర్రెలే ఎక్కువైనాయని వాడంతా చెప్పుకొచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మంగయ్య బతుకు. అటువంటప్పుడే మనిషికి దొంగ తెలివి పుడుతుంది. పాత పెట్టెనే వడ్రంగి దగ్గరికి మోసుకుపోయి, చిత్రికపట్టించి, ఎర్రటి వార్నీషు కొట్టించాడు. తల మీద కప్పుకునే నల్లగుడ్డకు పైన ఎర్ర మకమల్ కుట్టిపెట్టమని భార్యను అడిగాడు. ఎందుకో సైదమ్మకు అర్థమైంది. అర్థమయ్యే కుట్టింది. తన గొర్రెలు దక్కుతాయి కదా అనుకుంది. ఆ ముక్క తనకు తానే పైకి చెప్పుకోలేక, దారం తెగిందని రెండుసార్లు లేచి బయటికి పోయింది.

మిర్యాలగూడ నుంచి కొత్త కెమెరా వచ్చిందని ఊరంతా అనుకున్నారు. గొర్రెలు అమ్మకుండా ఎట్లా వచ్చిందని బుచ్చమ్మ అడిగితే, గురువు డబ్బులు నెమ్మదిగా ఇమ్మన్నాడని మంగయ్య చెప్పాడు. చావు కెమెరా దుకాణంలోనే ఉంటుందనీ, ఇంటికి తీసుకురాననీ కూడా చెప్పాడు. ఆ ముసలామె పొంగిపోయి, ఎర్ర పెట్టెకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దేవుని గూటి పక్కనే పీట వేసి కూర్చోబెట్టింది. రోజూ దీపం పెట్టినప్పుడు దానికీ ఒక దండం పెట్టేది. అది చూసినప్పుడల్లా మొగుడూ పెళ్ళాం చెరో దిక్కు చూసేవాళ్ళు.

పెళ్ళి పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. కోదాడలో ఒక కలిగినవారి పెళ్ళికి ఇద్దరూ బస్సులో పోయారు. పెళ్ళికూతుళ్ళ కుచ్చెళ్ళు సర్దడం, గడ్డం పట్టి ముఖం కాస్త పైకెత్తడం మగవాడు చేసే పని కాదు కనుక పెళ్ళిళ్ళకు సైదమ్మ వెంట ఉండవలసిందే. పందిట్లో కుర్చీ వేసి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి, సైదమ్మ ఆమె పైట సర్ది, గడ్డం పట్టి ముఖం పైకెత్తుతూ ఉంది. మంగయ్య మకమల్ గుడ్డలో తల దూర్చబోతున్నాడు.

అప్పుడే ఒక లంబాడి ఆమె కట్టెల మోపుతో లోపలికి వచ్చింది. వంటపొయ్యిల దగ్గర మోపు దించి, చెమట తుడుచుకుంటూ ఇటు చూసి ఆగిపోయింది. ఆమె కమలాబాయి. ఆమెది కోదాడ దారిలోని ఒక తండా. నెల కింద జ్వరంతో ఆమె కొడుకు సేవ్యా పోతే, ఆమె పెనిమిటి రూప్లా సూర్యాపేట దాకా వచ్చి మంగయ్యను పిలుచుకుపోయాడు. ఆ రోజు బండి మీంచి దించుతుంటే కెమెరా స్టాండు కాలొకటి విరిగింది. కొడుకు శవం ఇంట్లో ఉండగా, రూప్లా ఎద్దు మెడపట్టీ కోసి తెచ్చి ఆ కాలును తన చేత్తో గట్టిగా కట్టాడు. పెట్టెకు రంగు మార్చిన మంగయ్య ఆ కట్టు మాత్రం విప్పలేదు. అంత గట్టిగా వడ్రంగి కూడా కట్టలేడని వదిలేశాడు.

ఆ ఫోటో ఇంకా వాళ్ళకు అందలేదు. రూప్లా వారపు అంగడినాడు దుకాణానికి వస్తే, లోపల పెళ్ళివారు కూర్చుని ఉన్నారని మంగయ్య అతన్ని బయటనుంచే పంపేశాడు. ఇంకా కాలేదు, పై అంగడికి రమ్మన్నాడు. పై అంగడికీ అదే మాట చెప్పాడు. ఫోటో కడిగి, ఆరబెట్టి, అట్ట మీద అతికించి, గోడవైపు తిప్పి పెట్టి ఉంది.

కమలాబాయి దగ్గరికి వచ్చింది. "అయ్యా, మా సేవ్యా ఫోటో అయిందా?"

పెళ్ళికూతురి మేనమామ ముందుకొచ్చి, "ఎవరండీ సేవ్యా? ఏం ఫోటో?" అన్నాడు.

"నాకేం ఎరుక," అన్నాడు మంగయ్య. "ఈమెను నేనెన్నడూ సూడలే. ఎవర్నో అనుకుంటున్నది." అంటూ అంటూ స్టాండు విరిగిన కాలుకు తన కాలు అడ్డం పెట్టాడు.

ఆ ఇంటి పెద్దామె కమలాబాయిని ఎరుగును, రోజూ కట్టెలు తెచ్చే మనిషే. మొన్ననే పిల్లవాడు పోయాడనీ ఎరుగును. ఆమె ముఖం మాడ్చుకుని, "ఏమ్మా, మీ వాడు పోయినప్పుడు ఫోటో తీసింది ఈ కెమెరాతోనేనా? ఉన్నమాట చెప్పు, మా పిల్ల దీని ముందు కూర్చునుంది," అంది.

కమలాబాయి ఎర్ర పెట్టెను చూసింది. మంగయ్య కాలు వెనక తన పెనిమిటి కట్టిన తోలుపట్టీని చూసింది. తర్వాత సైదమ్మను చూసింది. సైదమ్మ చేయి పెళ్ళికూతురి గడ్డం కిందే ఉండిపోయింది. అప్పుడు ఒక్క మాట అని ఉంటే మంగయ్య వృత్తి ఆ పందిట్లోనే మట్టిలో కలిసేది.

"కాదమ్మా," అంది కమలాబాయి. "గా పెట్టె నల్లగ, పాతగ ఉండె. గా అయ్య వేరే. నేనే పొరబడ్డ."

నెత్తి మీద గుడ్డ ముందుకు లాక్కుని, కట్టెల పైసలైనా అడగకుండా వెళ్ళిపోయింది.

ఫోటోలు తీశారు. అందరూ మెచ్చుకున్నారు. విస్తట్లో లడ్డూ పెట్టారు, పప్పు పెట్టారు. సైదమ్మ విస్తరి మడిచి లేచింది. బిడ్డ పోయిన తల్లి వచ్చి బిడ్డ ముఖం అడిగితే, ఆమెనే ఎరుగనన్నారు. అన్నది మొగుడే అయినా ఆ మకమల్ తాను కుట్టిందే. తాను గొర్రెలకు ఆశపడింది. కమలాబాయి మాత్రం తనకేమీ కాని వీళ్ళ అన్నం నిలబెట్టడానికి కన్నకొడుకు చావు ఫోటోను కూడా కాదనుకుని పోయింది.

ఇంటికి వచ్చి పెట్టె దించగానే బుచ్చమ్మ పీట వేసింది. మంగయ్య ఆ పీట వైపు చూడలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మిర్యాలగూడ కెమెరా ఇంకా అమ్ముడుపోలేదని చెప్పాడు. ఈ గొర్రెలేవో అమ్మితే అది నిజంగానే వస్తుంది, అప్పుడు మనం చెప్పిందేదీ అబద్ధం కాకుండా పోతుంది అన్నాడు.

"అమ్ముత," అంది సైదమ్మ. "అన్నీ అమ్ముత, కొను. పెండ్లికి ఒకటి, సావుకు ఒకటి పెట్టుకో. గని ఆమెను పట్టుకొని ఎన్నడూ సూడలేదన్నవ్. గా మాట ఏ కెమెరా తెస్తే మాసిపోతది?"

మంగయ్య మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"నువ్వొక్కనివే అంటలేను," అంది ఆమె. "నేను గూడ గాన్నే నిలబడ్డ. నోరు తెరవలే. గొర్లు పోతయని కుట్టిన, పెండ్లి సెడిపోతదని ఊకున్న."

బుచ్చమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏ అబద్ధం, ఎవరామె అని అడిగింది. మంగయ్య తల ఎత్తకుండానే అంతా చెప్పాడు. వేరే కెమెరా లేదని, గూటి పక్కన పెట్టి మొక్కుతున్నది చావిళ్ళకు పోయినదేనని చెప్పాడు. ముసలామె తిడుతుందనుకున్నారు. ఆమె తిట్టలేదు. లేచి గూట్లో దీపం వత్తి ఎగదోసింది.

"దేవుని కాడ పెట్టుకొని ఇన్నొద్దులు మొక్కిన," అంది. "ఇంట్ల ఎవరికీ తలనొప్పన్న రాలే. ఆమె బిడ్డను సూసొచ్చిన పెట్టె మైలని నీళ్ళు గుమ్మరించింది నేనే గదరా. పో, రేపు పొద్దుగాలనే ఆమె బిడ్డను ఆమెకియ్యి."

మర్నాడు మంగయ్య ఫోటో ఒక్కటే పట్టుకుని బయలుదేరబోయాడు. సైదమ్మ ఒప్పుకోలేదు. పందిట్లో ఏదైతే వేరే అన్నామో, దాన్నే ఆమె ముందుకు మోసుకుపోయి ఇదేనని చెప్పాలి అంది. మకమల్ కుట్టు పళ్ళతో కొరికి ఊడదీసింది. ఉత్త నల్లగుడ్డ మిగిలింది.

తండాకు చేరేసరికి ఎండ ముదిరింది. రూప్లా గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. మంగయ్య పెట్టె దించి, చెప్పులు విడిచి, ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చినదంతా మరిచిపోయాడు. కమలాబాయి బయటికి రాగానే ఫోటో రెండు చేతులా పట్టుకుని చాచాడు.

ఆమె తీసుకుంది. కొత్త అంగీలో, గోడకు ఆనుకుని, నిద్రపోతున్నట్టున్నాడు సేవ్యా. వేలితో ఆ అంగీ గుండీలు తడిమింది, ముఖం తడిమింది. ఏదో వాళ్ళ భాషలో అంది. రూప్లా తాడు వదిలేసి వచ్చి, భార్య భుజం మీంచి తొంగి చూసి, వెంటనే ముఖం తిప్పుకున్నాడు.

"అమ్మా, నిన్న నేను..." అన్నాడు మంగయ్య. "ఇది గదే కెమెరా. నాకు వేరేది లేదు. నిన్ను ఎరుగనన్న. నా నోరు..."

"నాకు తెల్వదా," అంది కమలాబాయి. "గా కట్టు మా ఆయనది. పెండ్లిపిల్ల బయపడ్తున్నది. మా కొడుకు పేరు జెప్పి ఒగ పిల్ల పెండ్లిల ఏడుపెందుకని కాదన్న."

సైదమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూలబడబోతే భుజాలు పట్టుకుని ఆపింది. వాళ్ళిద్దరూ అట్లాగే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

కాసేపటికి కమలాబాయి కళ్ళు తుడుచుకుని గుడిసెలోకి పోయి, అప్పుడే నడక నేర్చిన ఆడపిల్లను చంకనేసుకుని వచ్చింది. ద్వాళి దాని పేరు. జుట్టంతా రేగి, ముక్కు కారుతూ, కొత్తవాళ్ళను చూసి తల్లి మెడలో ముఖం దాచుకుంది.

"దీన్ని గూడ తియ్యి అయ్యా," అంది. "వేరేదానితోని వద్దు. మా సేవ్యాను సూసింది గిదొక్కటే. గీ పిల్లను గూడ గిదే సూడాలె."

మంగయ్య స్టాండు నిలబెట్టాడు. సైదమ్మ పిల్లను ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో ముక్కు తుడిచి, జుట్టు తడిచేత్తో అణిచింది. గోడ దగ్గర నిలబెట్టి, పెళ్ళికూతుళ్ళకు చేసినట్టే గడ్డం కింద వేలు పెట్టి ముఖం కాస్త పైకెత్తింది. మంగయ్య నల్లగుడ్డలో తల దూర్చాడు.

ఎంతసేపటికీ బయటికి రాలేదు. పిల్ల కదలడం మొదలుపెట్టింది. ఏమైంది, వెలుతురు చాలలేదా అని రూప్లా అడిగాడు.

"మస్తుగుంది," అన్నాడు మంగయ్య లోపలినుంచి. "నా కండ్లకే కనిపిస్తలేదు. జర ఆగుండ్రి."

సైదమ్మ పిల్ల గడ్డం కింద వేలు తీయకుండా అట్లాగే ఆగింది.