ఎనభై ఎనిమిదో కీ

నంద్యాల శివారులో కేసీ కాలువ గట్టు మీద నడకకు వచ్చినవాళ్లకు ముందు ఒక జత చెప్పులు కనిపించాయి. తర్వాత మనిషి కనిపించాడు.

మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడి ఉన్న ఆ మనిషి ప్రభుదాసు. జిల్లాలో హార్మోనియం గొంతు పోయినా, చర్చిలో పియానో మొరాయించినా అందరూ ఆయన కోసమే కబురు పంపేవాళ్లు. కాలు జారి పడ్డాడని ఊరు తీర్పు చెప్పేసింది. చిన్నప్పటి నుంచి అదే కాలువలో ఈదిన మనిషి అంత తక్కువ నీళ్లలో ఎలా మునిగాడని ఎవరూ అడగలేదు. చొక్కా లోపలి జేబులో ప్లాస్టిక్ కవరు చుట్టిన పెన్‌డ్రైవ్ ఉంది. శవం దగ్గరికి పోలీసుల కంటే ముందు వచ్చిన ఒక పాలవాడు దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పాలవాడు నిజానికి పాలవాడు కాదు.

మధ్యాహ్నానికి పెన్‌డ్రైవ్ ఒక రైస్ మిల్లు ఆఫీసు గదికి చేరింది. గోడ అవతల మిల్లు గడగడలాడుతోంది. ఆ చప్పుడులో ఏ మైకు పెట్టినా ఊక రాలిన శబ్దం తప్ప మరేమీ వినిపించదు. అందుకే గూఢచారి సంస్థ సౌత్ జోన్ చీఫ్ కమలాక్షమ్మ మిల్లు యజమానురాలిగా చలామణీ అవుతోంది.

ఆమె ఎదురుగా ఏజెంట్ డేనియల్ కూర్చున్నాడు. నంద్యాలవాడే. చర్చిలో ప్రభుదాసు పియానో విప్పినప్పుడల్లా పక్కన చేరి స్క్రూలు అందిస్తూ ఆ పని నేర్చుకున్నాడు. శవాన్ని చూసి వచ్చినప్పటి నుంచి అతను నీళ్లు కూడా ముట్టలేదు.

"నిన్న సాయంత్రం ఆయన నాకు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది," అంటూ కమలాక్షమ్మ ఫోను ముందుకు జరిపింది.

ప్రభుదాసు గొంతు వణకలేదు. "ఫైలు సరిగ్గా మోగలేదమ్మా. సరిగ్గా మోగితే ఒక మనిషి పోతాడు."

"ఎవరా మనిషి?"

"నరసింహం. మన క్షిపణులకు దారి చూపించే ప్రోగ్రాం రాసినాయన. రేపు ఆళ్లగడ్డలో ఆయన కూతురు శ్రీజ పెళ్లి. ఆయన్ని లేపేయమని మెట్రోనోమ్ అనే కిరాయి హంతకుల ముఠాకు విదేశంలో ఆర్డరు పడింది. హత్యలా కనిపించకూడదు. గుండె ఆగినట్టు ఉండాలి."

"పెళ్లి వాయిదా వేయమనండి."

"అడిగినా. ఏమన్నాడో తెలుసా? 'నా బిడ్డను నేనే కన్యాదానం చేయాల. నా పీట మీద ఇంకొకణ్ణి కూర్చోబెడ్తే నేను బతికుండి ఏం లాభమమ్మా' అన్నాడు. ఆ మాట మీదనే ఉండాడు."

తెలిసిన సమాచారం ఇంతే. ఆ ఫంక్షన్ హాల్లో తనంతట తానే వాయించుకునే డిజిటల్ ప్లేయర్ పియానో ఉంది. పెన్‌డ్రైవ్‌లోని మిడి ఫైలు ఏ కీ ఎప్పుడు, ఎంత బలంగా దిగాలో చెబితే లోపలి అయస్కాంతాలు ఆ కీని దింపుతాయి. ఫైలు విదేశంలో తయారైంది. ఇక్కడ సరిగ్గా మోగడం లేదు. దాన్ని బాగు చేయమని ప్రభుదాసును పిలిచారు, ఆయన చూడకూడనిదేదో చూశాడు.

"ఇప్పుడు వాళ్లకు ఇంకో మెకానిక్ కావాల," అంది కమలాక్షమ్మ. "నువ్వు ఆయన తమ్ముని కొడుకునని చెప్పుకుని పోతావు. లోపల మన ఏజెంట్ ఒకరు ఉన్నారు. వర్షిణి, ఈవెంట్ మేనేజర్ వేషంలో. కోడ్ వర్డ్ సోనా. హాల్లో భద్రత కోసం జామర్లు పెట్టినారు, ఫోన్లు పనిచేయవు. మనవాళ్లు వడ్డనవాళ్లలో ఉంటారు. నువ్వు పియానో మూత మూస్తే దాని పక్కనున్నవాళ్లను పట్టుకుంటారు."

ఆమె ఒక ట్యూనింగ్ ఫోర్క్ బల్ల మీద పెట్టింది. చూడ్డానికి మామూలుదే. కరెంటు తీగ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం చేతిలో సన్నగా వణుకుతుంది.

మర్నాడు పొద్దున శిరివెళ్ల మీదుగా వచ్చిన బస్సులోంచి నెరిసిన మీసంతో, దళసరి కళ్లద్దాలతో డేనియల్ ఆళ్లగడ్డలో దిగాడు. రోడ్డు పొడవునా శిల్పుల షెడ్లు. కళ్లు ఇంకా చెక్కని దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఫంక్షన్ హాలు కూడా శిల్పాల మయమే. పెళ్లి మండపం చుట్టూ నోళ్లు తెరిచిన రాతి సింహాలు ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి నరసింహాన్ని చూస్తూ ఉంటుందని అతనికి అనిపించింది. అలా అనిపించడం అతనికి ఎంతమాత్రం నచ్చలేదు.

వర్షిణి ఎదురొచ్చింది. వంగపండు రంగు పట్టుచీర, చంకలో ల్యాప్‌టాప్, మల్లెల వాసన. ఫోటోగ్రాఫర్లు పెళ్లికూతురిని వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"బియ్యం కొత్తవా, పాతవా?" అని అడిగింది.

"పాత సోనా. రాళ్లు ఏరాల."

"రండి. టైం లేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఫైలు సరిగ్గా మోగాలి. అప్పుడే వాళ్ల మనిషి బయటపడతాడు. కన్యాదానం వేళకు పియానో, సన్నాయి జుగల్‌బందీ పెట్టాను."

ఆమె పురోహితుడి దగ్గరికి వెళ్లగానే డేనియల్ ల్యాప్‌టాప్ తెరిచాడు. జబ్బు ఏమిటో వెంటనే తెలిసింది. ఫైలు టైప్ వన్. ఎడమచేతి స్వరాలు ఒక ట్రాకులో, కుడిచేతివి ఇంకో ట్రాకులో ఉన్నాయి. ఈ పియానో చదివేది టైప్ జీరో, అంటే అన్నీ ఒకే ట్రాకులో ఉండాలి. అందుకే ఎడమచెయ్యి ఒక్కటే మోగి పాట కుంటుతోంది. ట్రాకులు కలిపేస్తే సరిపోతుంది.

అయితే మూడో ట్రాకు కూడా ఒకటి ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క స్వరం. పాట చిట్టచివర, పూర్తి బలంతో, కీబోర్డులో అన్నిటికంటే పైనున్న ఎనభై ఎనిమిదో కీ మీద.

అతను పియానో ముందు పలక తీసి లోపలికి చూశాడు. ప్రతి కీకి ఒక సుత్తి ఉంటుంది. చివరి కీకి లేదు. సుత్తి ఉండాల్సిన చోట రెండు రాగి రేకులు, వాటి నుంచి వెంట్రుకంత తీగ. ఫోర్క్ చేతిలో వణికింది. ఆ వణుకు నేల బండల కింద మండపం దాకా సాగి, సింహాల మధ్య ఎక్కడో పోయింది.

జామర్ల కింద రిమోటు పనిచేయదు. తీగ పనిచేస్తుంది. పాట పూర్తయిన క్షణాన కీ దిగుతుంది, రేకులు కలుస్తాయి, ఏదో సింహం నోట్లోంచి విషపు సూది నరసింహం పీట వైపు వస్తుంది. అందరి చేతులూ ఖాళీగా ఉంటాయి. ప్రభుదాసు చూసింది ఇదే.

వర్షిణి తిరిగొచ్చింది. "ఫైలు కుదిరిందా?"

"కుదిరింది. ట్రాకులు కలిపేశా."

"ఆ చివరి కీ కూడా చూశారా? బాగా దిగుతోందా?"

డేనియల్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పాటలు వాయించేవాళ్లెవరూ ఆ మూల కీని ముట్టరు, దాని సంగతి అడగరు. అడిగేవాళ్లు ఒక్కరే ఉంటారు. కమలాక్షమ్మ జీతం ఇస్తున్న ఈ మనిషికి ఇంకో చోటి నుంచి కూడా జీతం అందుతోంది. ప్రభుదాసును కాలువ దాకా మాటల్లో పెట్టి నడిపించింది ఈ మల్లెల వాసనే అయి ఉంటుంది. అతను కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ముఖం మాత్రం మెకానిక్ ముఖమే.

"బ్రహ్మాండంగా దిగుతాంది మేడం."

ఆమె ఫైలును తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఆ ఒక్క స్వరం ఉందో లేదో చూసుకుని, తన చేత్తోనే పియానోకు పెట్టింది. తర్వాత కీబోర్డు కుడివైపు నిలబడి, చెయ్యి చివరి కీ పక్కనున్న చెక్క మీద ఆనించింది. చూసేవాళ్లకు అది సొగసుగా నిలబడ్డం. డేనియల్‌కు మాత్రం ఆ వేళ్లకూ కీకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదని కనిపిస్తోంది. అతను అరిచినా, తీగ లాగినా, మూత మీద చెయ్యి వేసినా ఆమె వేలు ఆ కీ మీద పడుతుంది. నరసింహం, ఆదిలక్ష్మి దంపతులు అప్పటికే పీటల మీద కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే సన్నాయి రామయ్య గొడవ మొదలుపెట్టాడు.

జరీ అంగవస్త్రం, మెడలో బంగారు పతకం, ముక్కు మీద కోపం. సన్నాయి ఒకసారి ఊది, పియానో మీద ఒక కీ నొక్కి, మొహం చిట్లించాడు. "ఏందప్పా ఇది? నాది రెండు శ్రుతి. నీ పెట్టె ఒకటిలో అరుస్తాంది."

"పాట ఒకటిలోనే చేసినారు పెద్దాయనా."

"చేసినోడు ఎవడు? వాని పెండ్లి కాదు గదా ఇది. సన్నాయికి శ్రుతి యాడనుంచి మారుస్తా? రంధ్రాలు జరపమంటావా? పెట్టెనే నా దగ్గరికి రమ్మను. లేదంటే ఈ మేళం లేస్తాది."

మేళం లేస్తే పెళ్లి ఆగుతుంది. పీట మీద మనిషి లేస్తాడు. ఆ సంగతి వర్షిణికీ తెలుసు. ఆమె విసుగ్గా అంది, "గొడవ వద్దు. ఆయన అడిగినట్టు చేసేయండి."

"అట్లే మేడం."

డేనియల్ కంట్రోల్ బాక్సు మీద శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కాడు. ప్లస్ టూ అని పచ్చదీపం వెలిగింది. ఒకటి శ్రుతి రెండు శ్రుతి అయింది. ఫైలులో అక్షరం మారలేదు. కానీ ఇప్పుడు ప్రతి స్వరమూ రెండు కీలు కుడికి జరిగి మోగుతుంది. ఎనభై ఎనిమిదో కీకి కుడివైపు ఇక కీలు లేవు.

కీబోర్డు దాటిపోయిన స్వరాన్ని ఏ మెషీను ఏం చేస్తుందో దాన్ని చేసినవాడికే తెలియాలి. కొన్ని వదిలేస్తాయి. కొన్ని ఒక స్థాయి కిందికి దించి వాయిస్తాయి. కొన్ని మాత్రం ఆఖరి కీ దగ్గరే ఆపి, దాన్నే నొక్కుతాయి. ఇది ఏ రకమో డేనియల్‌కు తెలియదు. వాయించి చూసుకునే దారి లేదు. అతనికి భయం వేసింది. ప్రభుదాసు ఉంటే అడిగేవాడు.

పురోహితుడు చెయ్యెత్తాడు. పాట మొదలైంది.

మనిషి లేని పియానో మీద కీలు వాటంతట అవే దిగి లేస్తుంటే జనం వింతగా చూస్తున్నారు. నరసింహం కూతురి చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆదిలక్ష్మి చెంబు వంచింది. ఆయన ఎదురుగా ఉన్న సింహం నోరు తెరుచుకునే ఉంది.

పాట సగం దాటాక వర్షిణి నవ్వు ఆగింది.

ఆ పాటను ఆమె చెవితో కాదు, కళ్లతో నేర్చుకుంది. ఏ కీ తర్వాత ఏ కీ దిగుతుందో ల్యాప్‌టాప్ తెర మీద చూసి గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు దిగాల్సిన కీ దిగడం లేదు, దాని అవతలిది దిగుతోంది. ఆమె చూపు పచ్చదీపం మీద పడింది. చెక్క మీదున్న చెయ్యి లేచి కంట్రోల్ బాక్సు వైపు వెళ్లింది.

రామయ్య సన్నాయి ఆ చేతికి అడ్డం పడింది.

"నడి పాటలో శ్రుతి మీద చెయ్యేస్తావా? నా పరువు తీస్తాండావా తల్లీ?"

"ముసలోడా, తప్పుకో," అంది వర్షిణి. ఆ గొంతులో మల్లెలు లేవు.

"తప్పుకోను."

ఆ కాసేపటి తగాదా చాలు. ఆమె చెయ్యి కీకి దూరమైంది. డేనియల్ మూత దించి తాళం తిప్పాడు. ఆమె గోళ్లు చెక్క మీద గీసుకుపోయాయి. వడ్డనవాళ్లలో నలుగురు పులిహోర బకెట్లు కింద పెట్టారు.

మూత కింద పాట ఆగలేదు. స్వరాలు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతున్నాయి. ఆపే బటను వర్షిణి వెనక ఉంది. ఆమెను దాటి వెళ్లేలోపు పాట అయిపోతుంది. డేనియల్ మండపం వైపు ఉరికాడు. రెండడుగులు కూడా పడలేదు, చివరి స్వరం వచ్చేసింది.

టింగ్.

ఉండాల్సిన చోట కాదు. ఒక స్థాయి కింద, గుంపులో తప్పిపోయినట్టు మోగింది. మోగిందంటే దానికి సుత్తి ఉంది. సుత్తి ఉందంటే అది ఎనభై ఎనిమిదో కీ కాదు.

ఆదిలక్ష్మి పోస్తున్న నీళ్లు నరసింహం చేతిలోంచి కూతురి చేతి మీదుగా పళ్లెంలోకి పడుతూనే ఉన్నాయి. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. దానికి కారణం బిడ్డే.

వర్షిణిని వంటింటి దారిలో బయటికి నడిపించారు. అతిథులు ఆమె చీర గురించి మాట్లాడుకున్నారు. ఆమె మనుషులిద్దరు కెమెరాలు వదిలేసి పారిపోతూ గేటు దగ్గర దొరికారు. భోజనాల వేళ మండపం ఖాళీ అయ్యాక పీటకు ఎదురుగా ఉన్న సింహం నోట్లోంచి వెదురు పుల్లంత గొట్టాన్ని తీశారు. దాన్ని తీసినాయన చేతులకు మూడు జతల గ్లవుజులు వేసుకున్నాడు.

డేనియల్ పియానో పక్కన కూర్చుని, ప్రభుదాసు ఒకప్పుడు తనకిచ్చిన ట్యూనింగ్ స్పానరును గుడ్డలో చుట్టుకుంటున్నాడు. పిడి మీద ఆయన చెక్కుకున్న పొడి అక్షరాలు అరిగిపోయాయి.

రామయ్య తాంబూలం నములుతూ వచ్చాడు. "శ్రుతి బాగా కలిపితివప్పా. కానీ ఆఖరున ఒక స్వరం తప్పె. అంత మంచి పాట, ఆ టింగుతో పాడాయె. ఈ పని ఎవరు నేర్పించినారు నీకు?"

"ప్రభుదాసు."

"నంద్యాల ప్రభుదాసా? ఎంత శుద్ధమైన చెయ్యి. ఆయన చేసింటే ఈ తప్పు వచ్చేది కాదు."

డేనియల్ స్పానరు సంచిలో పెట్టుకున్నాడు.

"వచ్చేది పెద్దాయనా. ఆయన కూడా సరిగ్గా ఇదే తప్పు చేసేవాడు."