ఎవరి దగ్గు

ఎండుచేపలు వేగే వాసన పొద్దున్నే ఇల్లంతా పట్టింది. జోవెలిన్ పెరట్లో రేకుల షెడ్డు గుమ్మం మీద కూర్చుని, తన ఎనిమిదేళ్ళ కూతురు అనాలీకి అత్త పసీటా దగ్గుతూ దగ్గుతూ వెల్లుల్లి అన్నం తినిపించడం దూరం నుంచే చూస్తోంది.

మనీలా బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి ఇలోయిలో ప్రాంతంలోని తన ఇంటికి తిరిగొచ్చిన ఏడాదికి జోవెలిన్‌కి క్షయ అని తేలింది. మందులు పడ్డాయి, ఇక అంటదని డాక్టరు చెప్పినా అత్త ఆమెని షెడ్డులో ఉంచి, గడప దాటి ఇంట్లోకి రానివ్వలేదు. తర్వాత బిడ్డకీ ఆ జబ్బే వచ్చింది. కన్నబిడ్డకే రోగం అంటించిన మహాతల్లి అని పసీటా చేపల బజారంతా చాటింది. కిరాయికి ట్రైసికిల్ ఆటో తోలే ఆమె మొగుడు రోడెల్ తల్లినీ ఆపలేదు, పెళ్ళాన్నీ ఇంట్లోకి తేలేదు.

ఆ పూట ఆరోగ్య కేంద్రం డాక్టరు తుపాస్ స్వయంగా వచ్చాడు. పాపకి జబ్బని తేలినప్పుడే ఇంటిల్లిపాది కళ్ళెనూ నగరంలోని ల్యాబుకి పంపారు. పొయ్యి పొగ దగ్గుకి పరీక్షలెందుకని పసీటా సణుగుతూనే ఇచ్చింది. ఇప్పుడు ఫలితం వచ్చింది: ఆమెకీ క్షయే. ఒక్కొక్కరి ఒంట్లోని క్రిమి జన్యువులు చదివి పోల్చి చూస్తే, అది ఎవరి నుంచి ఎవరికి పాకిందో అంచనా వేయొచ్చని డాక్టరు చెప్పాడు. పాపలోని క్రిమి, నాయనమ్మలోని క్రిమి ఒకే వంశం. జోవెలిన్‌ది వేరు.

"దీని దగ్గర్నుంచే నాకూ వచ్చుంటుంది," అంది పసీటా కోడలి వైపు చెయ్యి చూపి.

"అలాగైతే ముగ్గురిదీ ఒకటే కావాలి," అన్నాడాయన. ఏళ్ళుగా దగ్గుతున్నది పసీటాయే గనక, పాపకి ఆమె నుంచే వచ్చి ఉంటుందన్నాడు.

ఆయన వెళ్ళగానే జోవెలిన్ లేచి, నెలల తర్వాత ఇంట్లో కాలుపెట్టింది.

"బజారంతా నా పేరు చెప్పారుగా అత్తయ్యా. ఇప్పుడు ఇదీ వెళ్ళి చెప్పండి."

"నన్ను చంపడానికే దాపురించావే నువ్వు."

"నేను మిమ్మల్ని చంపేదేముంది? నా బిడ్డని నాకు కాకుండా చేసింది మీరు."

పసీటా బదులు చెప్పబోయింది. ఈలోగా అనాలీ ఇంకో ముద్ద కోసం ఆమె ఒళ్ళోకి ఎక్కబోయింది. ముసలామె ఉలిక్కిపడి వెనక్కి జరిగి, అరచేత్తో నోరు మూసుకుంది.

"నా దగ్గరికి రాకే తల్లీ. అమ్మ దగ్గరికి పో."

అమ్మ దగ్గరికి పోకూడదనే ఇన్నాళ్ళూ విన్న పిల్ల ఎటూ కదల్లేదు. జోవెలినే వెళ్ళి ఎత్తుకుంది. పసీటా గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడ్చింది.

గెలిచినట్టు అనిపిస్తుందనుకుంది జోవెలిన్. అనిపించలేదు. ముఖం గంటుపెట్టుకునే అంది:

"ఆ మందులు వేసుకుంటే ఉచ్చ ఎర్రగా వస్తుంది. నెత్తురని భయపడకండి. నాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేక, షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని చచ్చిపోతున్నాననుకున్నాను."