తెర నల్లబడ్డాక మూడు ప్రశ్నలు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి మెకానిక్ లోపల నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పనిముట్ల సంచి. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క. ఊపిరి లేదు.

"మన మనిషే," అంటూ చీఫ్ ఆ శవం ఫోటోను బల్ల మీద పెట్టాడు. "రేవు కంట్రోల్ రూంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో పెట్టాం. పోయే ముందు ఫోన్‌లో ఒక్క మాట చెప్పాడు. 'తెర నల్లబడగానే చేతులు తీసేస్తారు.' అంతే, లైన్ తెగిపోయింది."

ఎదురుగా కూర్చున్న ఏజెంటు అసలు పేరు ఏ రికార్డులోనూ లేదు. డిపార్ట్‌మెంటులో అందరూ ఆమెను చీమ అంటారు. ఏ సందులోంచైనా దూరిపోతుంది గనక అని కొందరు, కుట్టిందంటే మర్చిపోలేం గనక అని కొందరు.

"టార్గెట్?"

"స్పష్టంగా తెలీదు. విదేశీ ముఠా. రేపు పొద్దున గ్యాస్ నౌక రేవులోకి వస్తోంది. జాగ్రత్త."

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"డాక్టర్. ముఠాలో ఉంటూ మనకు సమాచారం ఇస్తోంది. ఆపరేటర్లకు చుట్టూ జరిగేదాని మీద ఎంత ఎరుక ఉందో చూసే సిట్యుయేషన్ అవేర్‌నెస్ పరీక్షలు పెట్టే నిపుణురాలు. నువ్వు ఆవిడకు కొత్త అసిస్టెంటువి. ఆవిడ 'గొడుగు తెచ్చావా' అంటుంది. 'చిల్లులు పడ్డాయి' అను."

మర్నాడు పొద్దున రేవు మీద పొగమంచు గోడకట్టినట్టుంది. డాక్టర్ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్, ఎత్తుమడమల చెప్పులు, గదిలోకి ఆవిడకంటే ముందే వెళ్ళే సెంటు వాసన.

"గొడుగు తెచ్చావా?"

"చిల్లులు పడ్డాయి."

డాక్టర్ నవ్వి గొంతు తగ్గించింది. "ముఠా ట్రైనింగ్ రూంలోంచి డేటా దొంగిలించబోతోంది. ఇంకాసేపాగి నువ్వు అక్కడికి వెళ్ళి కాపలా ఉండు."

కంట్రోల్ రూంలో ఆపరేటర్లు వరసగా రాడార్ తెరల ముందు ఉన్నారు. డాక్టర్ ఒక కళ్ళజోడు తీసింది. పెట్టుకున్నవాళ్ళ చూపు ఎక్కడ నిలిచిందో అది చుక్కలుగా రికార్డు చేస్తుంది. ఎలా వాడాలో చూపించడానికి తానే పెట్టుకుని, గది నాలుగు వైపులా తిరిగి, తీసి చీమ చేతికిచ్చింది.

"పరీక్ష మామూలే," అంది ఆపరేటర్లతో. "పని మధ్యలో చెప్పకుండా ఫ్రీజ్ చేస్తాం. తెరలు నల్లబడగానే చేతులు తీసేయాలి. హెడ్‌సెట్ తీసి కుర్చీ వెనక్కి తిప్పాలి. అప్పుడు మూడు ప్రశ్నలు. ఏం చూశారు? దాని అర్థమేమిటి? ఇంకాసేపట్లో ఏం జరుగుతుంది? తెర లేనప్పుడు మీ బుర్రలో ఎంత మిగిలిందో అదే కొలత. దాన్నిబట్టే కొత్త తెరలు తయారు చేయిస్తాం. ఇన్నాళ్ళూ సిమ్యులేటర్ మీద, ఉత్తుత్తి నౌకలతో చేశాం. ఈరోజు నిజం గదిలోనే. భయం లేదు. ఆ సమయంలో ట్రైనింగ్ రూంలోని టీం నౌకల్ని చూసుకుంటుంది."

"నెలల తరబడి ఇదే గోల," అన్నాడు అందరూ పెద్దాయన అని పిలిచే సీనియర్ కంట్రోలర్, చీమ వైపు తిరిగి. "నిన్న ఇంట్లో కరెంటు పోతే చేతిలో గాజు గ్లాసు వదిలేశానమ్మా. మా ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది."

గదంతా నవ్వింది.

"అల్లుడుగారు నడిపే ఫెర్రీ పడవ బయల్దేరిందా బాబాయ్?" అన్నాడు పక్క సీటు కుర్రాడు.

"బయల్దేరబోతోంది. ఫెర్రీ రాడార్ రిపేరుకొచ్చింది. బాగుచేసే మెకానిక్ పాపం పోయాడు. ఈ మంచులో మా అల్లుడికి నేనే కళ్ళు."

చీమ ట్రైనింగ్ రూంకి వెళ్ళింది. తలుపుకి తాళం. అద్దంలోంచి చూస్తే లోపల చీకటి. కుర్చీలన్నీ ఖాళీ.

మరి నౌకల్ని చూసుకునే టీం ఏది?

ఆమె కళ్ళజోడు రికార్డింగును ఫోన్‌లో తెరిచింది. డాక్టర్ గదంతా చూసినట్టే నటించింది గానీ, చుక్కలన్నీ రెండుచోట్లే గుంపుకట్టాయి. గోడ గడియారం మీద ఒకటి. రాడార్ తెరపై గ్యాస్ నౌక దారిని ఫెర్రీ అడ్డంగా దాటేచోట రెండోది.

మెకానిక్ మాట అప్పుడు అర్థమైంది. చీమ పరుగెత్తింది.

కంట్రోల్ రూంలో తెరలన్నీ నల్లగా ఉన్నాయి. ఆపరేటర్లు కుర్చీలు వెనక్కి తిప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. హెడ్‌సెట్లు బల్లల మీద పడి ఉన్నాయి. డాక్టర్ లేదు.

"ప్రశ్నలు తెచ్చావా అమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"ఇది పరీక్ష కాదు బాబాయ్! అవతలి గదిలో ఎవరూ లేరు!"

ఆయన కుర్చీ గిర్రున తెర వైపు తిప్పాడు. కుర్రాడు కీబోర్డు బాదాడు. తెర పలకలేదు. రేడియో మాత్రం పనిచేస్తోంది. పెద్దాయన హెడ్‌సెట్ తగిలించుకుని నల్లటి తెర వైపు చూశాడు.

"తెర లేకుండా ఏం చెప్పనమ్మా? గుడ్డివాణ్ణి."

"కళ్ళు మూసుకోండి. మొదటి ప్రశ్న. తెర పోయేముందు గ్యాస్ నౌక ఎక్కడుంది?"

"దారి గుర్తుగా తేలే ఎర్ర బోయా దాటింది. కాలవలోకి తిరుగుతోంది."

"ఫెర్రీ?"

"జెట్టీ వదిలింది. అడ్డంగా వస్తోంది."

"రెండో ప్రశ్న. అంటే?"

"ఫెర్రీని నేను ఆపాలి. గ్యాస్ నౌకకు బ్రేకులుండవు, అది ఆగదు."

"మూడోది. ఇంకాసేపట్లో?"

"గుద్దుకుంటాయి. మా అల్లుడు... పడవనిండా జనం... రేవంతా అంటుకుంటుంది."

కళ్ళు తెరవకుండానే మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు. "ఫెర్రీ, ఇది కంట్రోల్. వెంటనే ఆపండి. ఇంజిన్ వెనక్కి తిప్పండి."

గరగర. తర్వాత అల్లుడి గొంతు. "కంట్రోల్, దారి ఖాళీ, రమ్మని ఇప్పుడే మీ ఛానెల్లో ఒకావిడ చెప్పింది. మీరెవరు? ఎవరి మాట నమ్మమంటారు?"

ఛానెల్లో సొంత మాటలు మాట్లాడకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పెద్దాయన ఆ రూలు తప్పలేదు.

"అల్లుడుగారూ, నేను మీ మామయ్యని! పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందని, నిమ్మకాయ వాసన చూస్తూ నడుపుతానని నాకొక్కడికే చెప్పారే, ఆ మామయ్యని! ఆపండి బాబూ!"

రేడియో గరగరలాడింది.

"ఆపుతున్నా మామయ్యగారూ!"

కిటికీ అవతల మంచులో పెద్ద హారన్ మోగింది. అద్దాలు అదిరాయి. గదిలో ఎవరూ కదల్లేదు. హారన్ దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, మెల్లగా దూరమైంది.

"మామయ్యగారూ," అంది రేడియో నీరసంగా. "మా ముక్కు ముందునుంచే పోయింది. దాని ఒంటిమీద తుప్పు కూడా కనపడింది."

చీమ అప్పటికే మెట్ల దగ్గరుంది. సెంటు వాసన దారి చూపించింది. కిటికీల్లేని మెట్లదారిలో డాక్టర్ వేగంగా దిగుతోంది. భుజాన వేలాడే బ్యాగులోంచి వాకీటాకీ యాంటెన్నా బయటికి పొడుచుకొచ్చింది. అడుగుల చప్పుడు విని తిరిగింది. చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి సూది.

"కొత్త అసిస్టెంటువి. ఇంత తొందరగా పని నేర్చుకున్నావే!" అంది.

"మంచి టీచర్ దొరికింది," అని చీమ గోడమీద స్విచ్ నొక్కింది.

మెట్లదారి చీకటైపోయింది. నెలల తరబడి రోజూ ఆపరేటర్లకు చేసి చూపించిన అలవాటు. డాక్టర్ వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. లిప్‌స్టిక్ మెట్లమీద టకటక దొర్లుకుంటూ కిందికి పోయింది. లైటు వెలిగేసరికి ఆవిడ చేతులు ఆవిడ స్కార్ఫ్‌తోనే వెనక్కి కట్టేసి ఉన్నాయి.

సాయంత్రం చీఫ్ అడిగాడు. "పరీక్షలో డాక్టర్‌కి ఎన్ని మార్కులేస్తావు?"

"మొదటి రెండు ప్రశ్నలకూ ఫుల్ మార్కులు సార్. ఇంకాసేపట్లో ఏం జరుగుతుందన్నదే తప్పు రాసింది."

అంతా బాగానే ముగిసింది. అల్లుడుగారికే కాస్త చిక్కొచ్చిపడింది. ఆ ఛానెల్‌ని రేవంతా వింటుంది. మర్నాడు ఫెర్రీ ఎక్కినవాళ్ళలో సగంమంది కెప్టెన్ కోసం నిమ్మకాయలు పట్టుకొచ్చారు.