బల్ల మీద చప్పుడు

పొద్దున్నే పాలగ్లాసుల మధ్య ఫోను ఆనించి రికార్డింగు నొక్కాడాయన. స్పీచ్ థెరపిస్ట్ ఇచ్చిన పని అది. ఇంట్లో పది నిమిషాల మాటలు, ఉన్నవి ఉన్నట్టు కావాలంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయనకు నలభై రెండేళ్లు. నత్తి ఆయనకంటే ఓ ఐదేళ్లు చిన్నది, అంతే.

సాయంత్రం కూతురు చిట్టి పక్కింట్లో ఆడుకుంటుంటే, భార్యనీ తల్లినీ కూర్చోబెట్టి రికార్డింగు వినిపించాడు. మొదట "ప... ప... పంచదార" అంటూ తన గొంతే. కాసేపటికి టక్, టక్, టక్.

ఆయన రికార్డింగు ఆపేశాడు. చిన్నప్పుడు తన మాట ఆగితే చాలు, నాన్న ఉంగరం వేలితో బల్ల మీద అచ్చం అలాగే కొట్టేవాడు. నాన్న పోయి పదకొండేళ్లయినా, నోరు తెరవబోతే ఆ చప్పుడే ముందు వినిపిస్తుంది. ఇన్నాళ్లూ అది తన చెవిలోనే ఉందనుకున్నాడు.

"నీ... నీకూ వినిపించిందా?" అన్నాడు భార్యతో.

"రోజూ వింటున్నానండీ. కొడుతున్నది మీరే."

"నే... నేనా?"

"చిట్టి మాట్లాడేటప్పుడు. మళ్లీ పెట్టి చూడండి."

పెట్టాడు. "నాన్నా, మా బ... బ..." అంటోంది ఏడేళ్ల కూతురు. టక్, టక్. "ఏం లేదులే," అని ఊరుకుంది పిల్ల.

"మ... మరి చెప్పలేదేం?"

"నత్తి ఊసెత్తితే రెండు రోజులు మొహం మాడ్చుకునే మనిషికి ఏం చెప్పను? మీరు ఇంట్లో ఉంటే వారం నుంచి అది సగం మాటలు సైగలతోనే కానిస్తోంది. చూశారా అసలు?"

ఆయన తల వాలిపోయింది. "కో... కోపం కాదు. దానికీ నా గతే పడుతుందేమోనని భ... భయం."

"మీ నాన్నదీ భయమేరా," అంది తల్లి. "ఆయనకూ నత్తి ఉండేది. అందుకే మాటలు తగ్గించుకున్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, నాదే తప్పు." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాన్నకు తనంటే అసహ్యమని ఇన్నేళ్లూ నమ్మినందుకు ఆయనకూ ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున చిట్టి పాలగ్లాసు ముందు కూర్చుంది. "నాన్నా, మా బ... బ..."

వేలు దానంతటదే లేచింది. ఆయన చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. చెవిలో చప్పుడు ఆగలేదు. కాకపోతే అది ఇప్పుడు భయపడుతున్న మనిషి చప్పుడులా ఉంది.

పిల్ల బల్ల వైపు చూసింది. "ఇవాళ కొట్టవా?"

"కొ... కొట్టను. నువ్వు చె... చెప్పమ్మా, నేనెక్కడికీ పోను."

పాల మీద మీగడ కట్టింది. ఎవరూ మాట అందించలేదు.

"బ... బ... బడిలో మొన్న నన్ను పైకి చదవమన్నారు," అంది చిట్టి.