మిట్టమధ్యాహ్నం మంచుబొట్టు

అమలాపురం. శివా డిజిటల్ స్టూడియో. ఉదయం ఏడు.

"మస్కట్ వెళ్ళాలండి. పాస్‌పోర్ట్ ఫోటో కావాలి," అన్నాడు లోపలికొచ్చిన పెద్దమనిషి.

"వెనక తెర తెలుపా, నీలమా అండీ?"

"తేనెటీగ రంగు."

శివశంకర్ చప్పున షట్టర్ దించేశాడు. అతను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ అని ఊరందరికీ తెలుసు. సీక్రెట్ ఏజెంట్ అని మాత్రం ఇప్పుడు కుర్చీలో కూర్చున్న చీఫ్ కృష్ణమూర్తి ఒక్కడికే తెలుసని అతని నమ్మకం.

"టైం లేదు, విను. డాక్టర్ విక్టర్ అనేవాడి విదేశీ ముఠా కోనసీమలో దిగింది. కొబ్బరి మొవ్వు తొలిచే పురుగుని తెచ్చేరు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. అంబాజీపేట నుంచి వెళ్ళే కాయల లారీ ఒక్కదాంట్లో వదిలితే చాలు, నాలుగు రాష్ట్రాల తోటలు మోడులే."

"పురుగు ఎలా ఉంటుంది సార్?"

"తెలీదు. ఏ లారీయో తెలీదు. ఈ రోజే అని మాత్రం తెలుసు. ముఠాలో మన మనిషి ఉన్నారు గానీ తొమ్మిది రోజులుగా కబురు లేదు. విక్టర్ దిండిలో హౌస్‌బోట్ మీద పురుగుల మాక్రో ఫోటోల పోటీ పెట్టేడు. ముఠా ఇక్కడ తిరగడానికి అది ముసుగు. నువ్వు ఎంట్రీ పట్టుకెళ్ళు."

పోటీ అనగానే శివశంకర్ ముందుకి వంగాడు. ముఠా పేరు విని కాదు.

"రాజోలు అనురాధ వస్తున్నారా సార్?"

"వస్తే?"

"ఏం లేదండి."

ఏం లేకపోవడమేమిటి! మూడేళ్ళుగా ప్రతి పోటీలోనూ మొదటి బహుమతి ఆవిడది, రెండోది ఇతనిది. పాపం ఇతను తెల్లారకుండా చేలగట్ల మీద బోర్లా పడుకుని, జలగలు పట్టినా కదలకుండా, మంచులో తడిసి బరువెక్కిన పురుగుల్ని అతి దగ్గర్నుంచి తీస్తాడు. ఆవిడ ఎండెక్కాక చలవకళ్ళద్దాలతో వచ్చి కప్పు ఎత్తుకుపోతుంది.

తొమ్మిదిన్నరకి దిండి. హౌస్‌బోట్ మీద ఫోటోలు వరసగా వేలాడుతున్నాయి. పట్టుచీర, నల్లద్దాలు, మెళ్ళో ఖరీదైన కెమెరా. అనురాధ విక్టర్ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇద్దరు వస్తాదులు.

విక్టర్ వచ్చీరాని తెలుగులో ప్రకటించాడు. "ఫస్ట్ ప్రైజ్, అనురాధ గారు!"

చప్పట్లు. శివశంకర్ కూడా కొట్టాడు, అరచేతులు మండేలా.

కొబ్బరాకు మీద రాగిరంగు పెంకుపురుగు. మీసం కొస నుంచి వెనక కాలి గోరు దాకా కత్తి అంచులా ఫోకస్. పక్కనే ముత్యమంత మంచుబొట్టు.

"అబ్బ, ఏం తీసేరండీ!" అన్నారెవరో. శివశంకర్‌కి ఆ మనిషిని గోదాట్లో తోసెయ్యాలనిపించింది.

అనురాధ దగ్గరికొచ్చింది. "ఎలా ఉందండి శివశంకర్ గారూ?"

"ఆయ్, బానే ఉందండి."

"అలా పైపైన చూస్తే ఎలాగండీ? తప్పులు పట్టడంలో మీ తర్వాతే కదా ఎవరైనా. తీరిగ్గా చూడండి."

ఎంత పొగరు! ఆవిడ అటు వెళ్ళగానే అతను ఫోటోకి జానెడు దూరంలో నిలబడి, భూతద్దం కంటికి పెట్టుకుని వెతకడం మొదలెట్టాడు. ఒక్క తప్పు దొరికితే చాలు. అతని టోపీ అంచున ఏదో వాలింది. విదిలించను కూడా లేదు.

నీడ పురుగు కిందనే ఉంది. అంటే మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో. మిట్టమధ్యాహ్నం మంచుబొట్టేమిటి, తన బొంద! సూదితో పెట్టిన నీళ్ళబొట్టు. ఇంత ఫోకస్ రావాలంటే కనీసం నలభై ఫ్రేములు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చాలి. ఎండలో నలభై ఫ్రేములు కదలకుండా కూర్చునే పురుగు లేదు. ఫ్రిజ్‌లో పెట్టి, చలికి కొయ్యబారాక తీసింది!

"దొరికింది దొంగ!" అనుకున్నాడు. ఆ క్షణంలో అతనంత సుఖపడ్డవాడు కోనసీమలో లేడు.

మరుక్షణం ఆ సుఖం ఆవిరైపోయింది. పదేళ్ళుగా ఈ గడ్డమీద పురుగులు తీస్తున్నాడు. ఈ పురుగుని ఎన్నడూ చూడలేదు. చలి. తెలియని పురుగు. కొబ్బరాకు.

నీళ్ళబొట్టులో వెనకున్న దృశ్యం తలకిందులుగా కనబడుతుందని మాక్రో తీసే ఎవడికైనా తెలుసు. బొట్టుని కెమెరాతో తీసి, పెద్దది చేసి, తిరగేసి చూశాడు. కొబ్బరికాయల లారీ. కాయల మీద రొయ్యల ఐసుపెట్టె. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది.

తల తిప్పి చూస్తే విక్టర్ లేడు. అనురాధా లేదు. ఒడ్డుకి ఉరికి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సార్, అనురాధ ముఠా మనిషండి! నాకు ముందునుంచీ అనుమానమే!"

"నీ కుళ్ళు తర్వాత. లారీ నంబరు చెప్పు." శివశంకర్ చెప్పాడు. అవతల కీబోర్డు టకటకలాడింది. "అంబాజీపేట యార్డు. పదకొండింటికి బయల్దేరుతుంది. నేను కాకినాడలో ఉన్నాను, అందుకోలేను. లోకల్‌గా ఎవరికి చెప్పినా విక్టర్‌కి తెలిసిపోతుంది. నువ్వే వెళ్ళాలి."

బైకు మీద ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. యార్డులోకి దూసుకెళ్ళేసరికి పదకొండుకి రెండు నిమిషాలు. లారీ ఇంజిను ఆన్‌లో ఉంది. పైన కాయల మీద విక్టర్, ఐసుపెట్టె మూత మీద చెయ్యి. పక్కన అనురాధ, చేతిలో పిస్తోలు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మూత తీస్తే వేల పురుగులు వేడెక్కి రెక్కలు విప్పుతాయి.

"ఆగు!" శివశంకర్ కెమెరా ఎత్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగ్‌ఫ్లాష్‌కి రెండు మీటలు. ఒకటి పురుగులకి, రెండోది మనుషులకి. రెండోది నొక్కాడు. పైన విక్టర్, కింద వస్తాదులిద్దరూ కళ్ళు మూసుకుని కేకపెట్టారు. మూత వేలెడంత లేచింది.

నల్లద్దాల అనురాధ చెక్కు చెదరలేదు. మూత మీద ధడాలున కూర్చుని, పిస్తోలు విక్టర్ కణతకి ఆనించింది.

"తొమ్మిది రోజులండీ! ఫోన్ లాక్కున్నారు, స్నానానికెళ్ళినా కాపలానే. తన పురుగంటే వీడికి మహా మురిపెం, ఫోటో తీస్తానంటే కాదనలేదు. మీరు ఇంకో నిమిషం ఆలస్యం చేస్తే ఏమయ్యేదో!"

శివశంకర్ లారీ ఎక్కి ఐసుపెట్టె గొళ్ళెం పెట్టాడు.

సాయంత్రం కృష్ణమూర్తి ఫోన్లో అన్నాడు. "నిన్నే పంపమని ఆవిడే అడిగిందయ్యా, లోపలికెళ్ళే ముందే. ఏదైనా అయితే ఫోటోలో చెప్తాను, నా ఫోటోని అంత కుళ్ళుతో చూసేవాడు ప్రపంచంలో ఆయనొక్కడే, అంది."

ఆ మాట గుచ్చుకుంది గానీ, శివశంకర్‌కి ఒక ఊరట మిగిలింది. పురుగు ఫోటో రహస్య ఫైల్లోకి పోయింది. ఊళ్ళోవాళ్ళే కొత్త జడ్జీలతో పోటీ మళ్ళీ పెడుతున్నారు. ఈసారి ఆవిడకి ఎంట్రీ ఏదీ?

వారం తర్వాత ఫలితాలొచ్చాయి. రెండో బహుమతి, శివశంకర్. మొదటి బహుమతి, టోపీ అంచున వాలిన తూనీగ. దాని కింద మసగ్గా, భూతద్దంలో కన్ను పెట్టి రగిలిపోతున్న ఒక మొహం.

ఫోటో వెనక అనురాధ చేతిరాత. "నలభై ఫ్రేములండి. ఫ్రిజ్ అవసరం లేకపోయింది. తూనీగే కాదు, మీరూ కదల్లేదు."